కుక్కరమ్మ చివరి పేజీ

నాలుగోసారి కూడా కంప్యూటరు తెర మీద కుక్కరు బొమ్మే వచ్చింది. పొయ్యి మీద కుక్కరు. పక్కన తరిగిన కూరగాయలు, గోడకు వేలాడే గరిటెలు, కిటికీలోంచి పడుతున్న ఎండ. ఎండ మాత్రం ముచ్చటగా ఉంది.

టీచరు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. తను రాసిన వాక్యాల్లో తప్పు దొర్లిందేమోనని ఇంకోసారి చదువుకుంది. "కుక్కరు ఆకారంలో ఉన్న అంతరిక్ష నౌక. వంటగది ఉండకూడదు. పొయ్యి ఉండకూడదు. కూరగాయలు అసలే ఉండకూడదు." తల నెరిసేదాకా పిల్లలకు వాక్యాలు రాయడం నేర్పిన మనిషి ఆవిడ. ఆ వాక్యాలకు ఎక్కడా వంక పెట్టడానికి లేదు.

"ఇవాళేం వండుతున్నావు వదినా?"

మెట్లెక్కి వచ్చిన మరదలు వెనక నిలబడి తెర వంక చూస్తోంది. మరదలంటే తమ్ముడి భార్య. కింద ఆమెకు కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. పైన ఉన్న ఈ ఒంటి గదిలో తమ్ముడు బొమ్మలు వేసేవాడు. వానలు మొదలవకముందే అతను పోయాడు. గదిలో అతని బల్లా, కంప్యూటరూ, రంగులు అంటిన కుర్చీ అలాగే ఉన్నాయి. సాయంత్రం బడి విడవగానే టీచరు నేరుగా ఇక్కడికి వచ్చి ఆ కుర్చీలో కూర్చుంటోంది.

"నవ్వకు. వద్దన్న కొద్దీ వేస్తోందిది."

"వద్దంటే ఎవరు మానేస్తారు? నీ క్లాసులో మానేస్తారా?"

మానరు. అది టీచరుకు బాగా తెలుసు. ఒకరి మీద ఒకరు సిరా చల్లుకోకండర్రా అని ఒక్కసారి అన్నదంటే, అంతదాకా ఆ ఊహే లేనివాడు కూడా పెన్ను మూత తీస్తాడు. అయినా ఆవిడ అలవాటు ఆవిడది. చెయ్యకూడనివన్నీ ముందే చెప్పేసి అప్పుడు పని మొదలుపెట్టించడం. మాటలు రాస్తే బొమ్మ వేసే ఈ యంత్రం ముందు ఆ అలవాటే ఎదురుతన్నింది. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే బాపతు ఇది. వాక్యంలో పొయ్యి అన్న మాట కనబడితే చాలు, ఉండాలన్నారో ఉండకూడదన్నారో చూడదు, పొయ్యి వెలిగించేస్తుంది.

కుక్కరు గొడవ తమ్ముడు పెట్టిందే. అతను వేసిన బొమ్మల కథలో ఒక ముసలావిడ కుక్కరు లాంటి ఓడలో నక్షత్రాల మధ్య ఒంటరిగా తిరుగుతుంటుంది. పొట్టి మనిషి. కళ్ళజోడు ఎప్పుడూ ముక్కు కొసకు జారి ఉంటుంది. ఉల్కలు ఎదురొచ్చినా చూపుడువేలు పైకెత్తి వాటికి బుద్ధులు చెబుతుంది. కోపం వస్తే ఓడ పైనున్న విజిలు కూస్తుంది. మొదటి బొమ్మ చూపించినప్పుడు "ఇది నువ్వు కాదక్కా, నీలాంటిది" అన్నాడు తమ్ముడు ముందరి కాళ్ళకు బంధం వేస్తున్నట్టు. బళ్ళో పిల్లలు మాత్రం ఒక్క చూపులో పోల్చుకున్నారు. ఆ ముసలావిడకు కుక్కరమ్మ అని పేరు పెట్టింది కూడా వాళ్ళే. టీచరు నడవాలో వస్తుంటే ఎవడో ఒకడు పళ్ళ సందున విజిలు కూసేవాడు.

పుస్తకంలో చివరి పేజీ తప్ప అన్నీ పూర్తయ్యాయి. పిల్లల పుస్తకాలు వేసే ప్రెస్సు యజమాని మంచివాడే. తమ్ముడు పోయాక కూడా పుస్తకం ఆపలేదు. కానీ అచ్చు పని సోమవారం మొదలవాలి, ఆ తర్వాత బడి పుస్తకాల ఒత్తిడిలో ఈ ఏడాదికి ఇక ఖాళీ దొరకదు.

"రెండు ముక్కలు రాయండి టీచరు గారూ, బొమ్మ అదే గీసేస్తుంది. మా మనవరాలు రోజుకో గ్రహం పుట్టిస్తోంది ఇంట్లో" అని ఈ పద్ధతి చెప్పింది ఆయనే. "మీకు కుదరకపోతే మా దగ్గర రెడీగా ఒక రాకెట్టుంది, అది పెట్టేస్తాను. పేజీ మాత్రం ఖాళీగా వదలలేను."

ఆ రాకెట్టు టీచరు చూసింది. అప్పుడే చెక్కిన పెన్సిల్లా సూదిగా ఉంది. చుట్టూ నీలం వెలుగు. కుక్కరమ్మ అందులో దూరబోతే భుజాల దగ్గరే ఇరుక్కుంటుంది. తమ్ముడి పుస్తకం ఆ రాకెట్టుతో ముగుస్తుందన్న ఆలోచనకే ఆవిడకు అన్నం సయించడం లేదు.

కుక్కరన్న మాట తీసేసి మళ్ళీ రాసింది. "గుండ్రటి లోహపు ఓడ. పైన విజిలు." ఈసారి చుక్కల మధ్య ఒక కండల మనిషి తేలుతూ బుగ్గలు పూరించి విజిలు ఊదుతున్నాడు.

"ఆటల మాస్టారొచ్చారు" అంది మరదలు, పడీపడీ నవ్వుతూ.

టీచరుకు నవ్వు రాలేదు. వినాయకుణ్ణి చెయ్యబోతే కోతి అయిందని సామెత. ఈ యంత్రానికి ఆ కోతినైనా మొదటిసారి చేసినట్టు రెండోసారి చెయ్యడం రాదు. ఓడ కాస్త దారికి వచ్చిందనుకునేసరికి ముసలావిడ మాయమయ్యేది. ముసలావిడ వస్తే ఓడకు కిటికీలు మొలిచేవి. తమ్ముడి ఓడకు కిటికీలు లేవు. బయటేముందో కుక్కరమ్మకు చప్పుడును బట్టే తెలుస్తుంది. అసలు కథంతా దాని మీదే నడిచింది.

మర్నాడు ఆవిడ ఓడను పక్కన పెట్టి మనిషిని పట్టుకుంది. "అరవై ఏళ్ళు దాటిన పొట్టి ఆడమనిషి, కళ్ళజోడు, కోపంగా ఉన్న ముఖం" అని రాసింది. వచ్చినావిడకు జుట్టు తెల్లగానే ఉంది. తక్కినదంతా పాతికేళ్ళ పడుచు. సన్నటి నడుం, నున్నటి బుగ్గలు, గాలి లేనిచోట గాలికి ఎగురుతున్న కురులు.

మరదలు కుర్చీ వీపు మీద మోచేతులు ఆనించి వంగి చూసింది.

"పోనీలే వదినా, ఈ మెషినుకైనా అందంగా కనబడ్డావు. మొగుడి కళ్ళకే ఎప్పుడూ ఆనినట్టు లేవు పాపం."

"మీ అన్నయ్య సంగతి తర్వాత. ఆ కళ్ళజోడు చూడు."

మరదలు చూసింది. వృత్తి అదే కాబట్టి ఈసారి నవ్వడం మానేసి చూసింది. ఒక పక్క కాడ చెవిదాకా పోకుండా బుగ్గలోకి కరిగిపోయింది. రెండో పక్క అసలు కాడే లేదు.

"ఇలాంటిది అమ్మితే నా కొట్టు మీదికి రాళ్ళొస్తాయి" అంది.

ముడతలు కావాలని రాస్తే ముఖం ఎండిపోయిన చెరువులా పగిలింది. కోపం కావాలంటే రాక్షసి వచ్చింది. మామూలు కోపం కావాలి ఆవిడకు. హోంవర్కు చెయ్యనివాడి మీద వచ్చే కోపం. అందులో సగం బెంగే ఉంటుంది. తమ్ముడు దాన్ని రెండు గీతల్లో తెచ్చేవాడు, ఒకటి కనుబొమ, ఒకటి పెదవి. ఆవిడ ఆ రెండు గీతల గురించి పది వాక్యాలు రాసింది. యంత్రం పది వాక్యాలూ మింగి, చేతికి ఆరు వేళ్ళున్న ముసలావిడను కక్కింది.

టీచరు బల్ల మీద అరచేత్తో గట్టిగా కొట్టింది. రంగుల డబ్బాలోని కుంచెలు గలగలమన్నాయి. ఆవిడ అలా కొట్టడం మరదలు ఎప్పుడూ చూడలేదు. బళ్ళో కూడా ఎవరూ చూసి ఉండరు.

"లే, కాస్త గాలి పీల్చుకుందువుగాని" అంది మరదలు నెమ్మదిగా.

"నేను సరిగ్గానే రాస్తున్నాను. ఒక్క ముక్క కూడా అటూ ఇటూ లేదు. దానికే బుర్రకెక్కడం లేదు."

"సరే. దానికి ఎక్కకపోతే నాకు చెప్పు. ఆ చివరి పేజీలో ఏముంది?"

"కుక్కరమ్మ తలుపు తీస్తుంది."

"అది ముందు పేజీలోనే అయిపోయిందిగా. ఎవరో బయటనుంచి తలుపు కొడతారు, ఈవిడ గడియ మీద చెయ్యేస్తుంది. తీసింది, సరే. తీస్తే బయట ఎవరున్నారు?"

టీచరు కళ్ళజోడు తీసి కొంగుతో తుడవడం మొదలుపెట్టింది.

"అంత నల్లటి చీకట్లో, మనిషన్నవాడు లేనిచోట, తలుపు కొట్టిందెవరు వదినా?"

కింద దుకాణం తలుపుకు కట్టిన గంట మోగింది. ఎవరో లోపలికి వచ్చారు. మరదలు కదల్లేదు.

"నాకు తెలియదు" అంది టీచరు.

నిజంగానే తెలియదు. లోకంలో అందరూ కథ రాసుకుని బొమ్మ వేయిస్తారు. ఈ అక్కాతమ్ముళ్ళు తిరగేసి చేసేవాళ్ళు. తమ్ముడు ముందు బొమ్మ వేసి తెచ్చేవాడు. కథ ఎటు పోతోందో చెప్పేవాడు కాదు. ఆ బొమ్మ కింద మాటలు ఆవిడ రాయాలి. రాసే ముందు పోట్లాట తప్పేది కాదు. ఓడకు ఇవాళ సొట్ట ఎందుకు పడింది, ఈవిడ ఎడంకాలి చెప్పు ఏమైంది, ఆ మూల తేలుతున్నది బూరా, గ్రహమా? అతను కొన్నిటికి జవాబు చెప్పేవాడు, కొన్నిటికి పళ్ళికిలించేవాడు. ఆ కీచులాటలోంచి ఆవిడకు వాక్యాలు దొరికేవి. గడియ మీద చెయ్యి వేసిన బొమ్మ తెచ్చిన రోజు కూడా అడిగింది, బయట ఎవరురా అని. "అదేంటి టీచరమ్మా! ప్రశ్నపత్రం ముందే బయటపెడతారా ఎవరైనా?" అన్నాడు. ఊరందరికీ ప్రశ్నలు వేసే అక్క తన ముందు జవాబు తెలియక నిలబడటం అతనికి పెద్ద సరదా. ఆ తర్వాతి వారమే ఆసుపత్రిలో చేరాడు.

"నీకైనా చెప్పలేదా?" అంది టీచరు. ఈ మాట అడగడానికి ఇన్నాళ్ళు పట్టింది ఆవిడకు.

"అడిగాను. నీకు చెబితే మా అక్కకు మోసేస్తావు అన్నాడు." మరదలు కుంచెలు సర్దుతూ అంది. "మోసేదాన్నే."

ఇద్దరికీ తెలియదు. మూడోవాళ్ళు లేరు. టీచరు తెర మీదున్న ఆరువేళ్ళ ముసలావిడ వంక చూసింది. ఇన్ని రోజులూ తను సరైన మాట కోసం వెతుకుతున్నాననుకుంది. నిజానికి తనకే తెలియని దాన్ని యంత్రం చేత చెప్పించాలని చూస్తోంది. ఉన్న కోపంలో సగం దాని మీద పోసింది. తక్కిన కోపం ఎవరి మీదో ఆవిడ పైకి అనలేదు.

శనివారం మధ్యాహ్నం ప్రెస్సు నుంచి ఫోను వచ్చింది. "తమ్ముడు గారి పాత బొమ్మలే దానికి చూపించండి టీచరు గారూ. ఆ చెయ్యి చూసి అలాగే గీస్తుందట. మా మనవరాలు చెప్పింది."

మరదలే కూర్చుని ఒక్కో పేజీ యంత్రంలోకి ఎక్కించింది. అన్నీ ఎక్కాక టీచరు ఒక్క వాక్యం రాసింది. "ముసలావిడ తలుపు తీస్తుంది, తలుపు కొట్టినవారు బయట ఉన్నారు." ఈసారి ఏదీ వద్దనలేదు.

తెర మీద నాలుగు బొమ్మలు తేలాయి.

ఇద్దరూ తెర మీదికి వంగారు. ఓడ కుక్కరులాగే ఉంది, ఎక్కడా పొయ్యి లేదు. కళ్ళజోడు ముక్కు కొసనే ఉంది. ఆ గీత తమ్ముడిదే. మొదలు లావుగా పడి పోను పోను సన్నబడే గీత. నాలుగింట్లోనూ తలుపు తెరుచుకుంది. ఒకదాంట్లో బయట ఇంకో కుక్కరు, ఇంకో ముసలావిడ. ఒకదాంట్లో పాప. ఒకదాంట్లో ఉత్త చుక్కలు. నాలుగోదాంట్లో బక్కపలచని మనిషి ఒకడు, కొంచెం వంగి, మళ్ళీ తలుపు కొట్టడానికన్నట్టు చెయ్యి ఎత్తి ఉన్నాడు.

టీచరు మీట నొక్కింది. ఇంకో నాలుగు ముగింపులు వచ్చాయి. అవీ అతని గీతలే. మళ్ళీ నొక్కింది. మళ్ళీ నాలుగు. అడిగినన్ని ఇస్తోంది. తమ్ముడి దగ్గర ఒక్కటే ఉండేది, దాన్ని ఎంత బతిమాలినా ఇవ్వలేదు.

"ఆగు" అంది మరదలు. "వెనక్కి పోనీ. ఆ మనిషి ఉన్నది."

బక్కమనిషి మళ్ళీ తెర మీదికి వచ్చాడు.

"ఇది పెడదాం."

"ఎందుకు?"

"చూడు నువ్వే. ఆ వంగడం చూడు. కొట్లోకి వచ్చేటప్పుడు గుమ్మం తగులుతుందని ఎప్పుడూ అలాగే వంగేవాడు. గుమ్మం అంత ఎత్తున ఉన్నా సరే." ఆమె వేలు తెరను తాకీ తాకకుండా ఆగింది. "చూడు వదినా, మూలన సంతకం కూడా పెట్టింది."

కుడివైపు కింద మూలన చిన్న మెలిక ఉంది. తమ్ముడు ప్రతి పేజీలోనూ అక్కడే అలాంటి మెలికే తిప్పేవాడు. టీచరు కుర్చీ వెనక్కి తోసి లేచింది.

"ఇది పెట్టను."

"ఏం?"

"తండ్రి సంతకం తనే పెట్టుకొచ్చిన పిల్లాణ్ణి నేనేం చేస్తానో తెలుసా నీకు? ఇన్నేళ్ళలో ఒక్కడు కూడా నన్ను మోసం చెయ్యలేకపోయాడు."

"ఇక్కడ మోసపోయిందెవరు? నాకు తెలియదనుకున్నావా ఇది మెషిను వేసిందని? నేనేమన్నా పసిపిల్లనా?" మరదలి గొంతు పైకి లేచింది. "నీకు ఆయన మాటల్లో మిగిలాడు. ఇన్ని పేజీల కింద ఇన్ని మాటలు రాసుకున్నావు. నాకేముంది ఈ పుస్తకంలో? అందులో నువ్వున్నావు, నీ కళ్ళజోడుంది, నీ వేలుంది. ఆయన ఒక్కచోటైనా ఉంటే తప్పా?"

టీచరు కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడింది. కింద వీధిలో ఎవరో సైకిలుకు గాలి కొట్టుకుంటున్నారు. మరదలు అన్నదాంట్లో అబద్ధం ఏముందని వెతికింది. దొరకలేదు. పుస్తకం నిండా తనే ఉంది. ఆ సంగతి ఇంతవరకూ ఆవిడకు తట్టనేలేదు.

"సరే, పెడితే కింద మాటలు రాయాలి" అంది వచ్చి కూర్చుంటూ. "ఇలా రా. ఇతను ఎక్కణ్ణుంచి వచ్చాడు?"

"ఏమో."

"ఓడ ఏదీ? నడిచొచ్చాడా? ముఖం మీద ఆ నీడేమిటి? కాళ్ళకు బూట్లెందుకు లేవు?"

"నాకేం తెలుసు వదినా!"

"నాకూ తెలియదు. దీనికీ తెలియదు. వాడైతే ఏదో ఒకటి వాగేవాడు. బూట్లు అప్పిచ్చాడనేవాడు. ఆ ఒక్క ముక్క చాలు, నేను పేజీ నింపేదాన్ని."

మరదలు బొమ్మ కింది మూలన వేలు పెట్టింది. "సంతకం తీసెయ్. అది మాత్రం నాకూ వద్దు" అంది.

టీచరు తీసేసింది. మెలిక ఉన్నచోట నల్లరంగు పులిమింది. పులిమినట్టు కొంచెం తెలుస్తూనే ఉంది. దాన్ని సరిచెయ్యాలని రెండుసార్లు చూసి ఊరుకుంది. తర్వాత బొమ్మ కింద ఖాళీలో నెమ్మదిగా రాసింది. కథకు మాటలు రాలేదు కాబట్టి జరిగింది రాసింది. రాసి పైకి చదివింది.

"ఇక్కడిదాకా బొమ్మలు మా తమ్ముడివి. తలుపు కొట్టింది ఎవరో చెప్పకుండానే అతను చనిపోయాడు. ఈ బొమ్మ కంప్యూటరు వేసింది. తలుపు కొట్టింది ఇతనేనో కాదో మాకు తెలియదు."

చనిపోయాడన్న మాట ఆవిడ ఇంతవరకూ ఎక్కడా రాయలేదు. బడికి పెట్టిన సెలవు చీటీలో కూడా ఇంట్లో ఇబ్బంది అనే రాసింది.

మరదలు విని పెదవి విరిచింది. "మా తమ్ముడు, మా తమ్ముడు. నేనెక్కడున్నాను అందులో?"

టీచరు తల ఊపి, మూడో వాక్యం తర్వాత ఇంకొకటి చేర్చింది. "దీన్ని ఎంచుకున్నది అతని భార్య."

ప్రెస్సుకు చదివి వినిపిస్తే యజమాని నసిగాడు. "పిల్లల పుస్తకం కదండీ టీచరు గారూ, చివర్న ఇలా తెలియదని పెడితే ఎలా? చావు మాట కూడా వచ్చింది. రాకెట్టయితే ఏ గొడవా లేకుండా..."

"రాకెట్టు వద్దండీ. తెలిసినంతవరకే రాశాను."

"చదివే పిల్లలు అడిగితే?"

"నన్నే అడగమనండి. బళ్ళోనే ఉంటాను కదా."

ఆయన నిట్టూర్చి, చీకటి పడేలోగా పంపమన్నాడు.

ఫోను పెట్టేశాక ఇద్దరూ ఆ పేజీని చూస్తూ కూర్చున్నారు. బక్కమనిషి చెయ్యి ఎత్తి అలాగే ఉన్నాడు. కింద ఐదు వాక్యాలు. బొమ్మకూ మాటలకూ పొత్తు కుదరలేదు. టీచరు ఒక కామా తీసింది, మళ్ళీ పెట్టింది.

"నీకు నచ్చిందా?" అంది మరదలు.

"లేదు."

"నాకూ పూర్తిగా నచ్చలేదు." ఆమె లేచి చీర కుచ్చిళ్ళు దులుపుకుంది. కింద గంట మళ్ళీ మోగుతోంది. "పంపెయ్ వదినా."

టీచరు పంపింది.